బోరు పెంచితే చాలదు

బోరు అనే మాటకి మన దగ్గర మూడు అర్థాలున్నాయి. పొలంలో వేయించేది ఒకటి. మధ్యాహ్నం రెండింటి క్లాసులో కొట్టేది ఇంకొకటి. మూడోది విజయవాడ ఆటోనగర్ సందుల్లో వినపడుతుంది. "బ్లాకు బోరు చేయించావా, కొత్తది వేశావా?" అని. నేను రాసేది ఈ మూడోదాని గురించి. చదివేవాళ్ళకి రెండోది కలగకుండా చూసుకుంటాను.

మన హాస్టల్ పార్కింగ్ షెడ్డులో ప్రతి బ్యాచ్‌కి రెండు మూడు బళ్ళయినా "సీసీ పెంచిన" బళ్ళు ఉంటాయి. వాటి చుట్టూ ఎప్పుడూ ఓ నలుగురు నిలబడి ఉంటారు. "ఎంత సీసీ చేశావు మామా?" అన్నదే అందరూ అడిగే ప్రశ్న. "పెంచాక ఏమేం సెట్ చేశావు?" అని అడిగినవాణ్ణి ఈ నాలుగేళ్ళలో నేను చూడలేదు. నేనూ అడగలేదు. నన్నూ ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఈ వ్యాసం రాసే అవసరం వచ్చేది కాదేమో.

నేను చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. ఇంజన్ సీసీ పెంచడం అనేది డబ్బులుంటే ఒక్క పూటలో అయ్యే పని. దాన్ని ట్యూన్ చేయడమే అసలు ఇంజనీరింగ్. ట్యూనింగ్ చేతకానప్పుడు సీసీ పెంచకపోవడమే మంచిది. ట్యూన్ చేయని 132 సీసీ కన్నా సరిగ్గా ట్యూన్ చేసిన 98 సీసీ వెయ్యి రెట్లు నయం. ఈ మాట పుస్తకం చదివి చెప్పట్లేదు, రోడ్డు మీద నేర్చుకుని చెప్తున్నాను.

మా మావయ్య దగ్గర ఆర్‌ఎక్స్ 100 ఉండేది. 1985లో వచ్చి 1996లో ఆగిపోయిన బండి అది. నేను పుట్టేటప్పటికే కంపెనీ దాన్ని తయారు చేయడం మానేసింది. అయినా మన రెండు రాష్ట్రాల్లో దాని పేరు తెలియని కుర్రాడు ఉండడు. 2018లో ఆ పేరుతో సినిమానే వచ్చింది. 98 సీసీ, 11 హార్స్‌పవర్, ఒళ్ళు చూస్తే బక్కపలచన. ఆ బరువుకి ఆ పవర్ అంటే లాగుడు ఎలా ఉంటుందో ఎక్కినవాళ్ళకే తెలుసు. మావయ్య బండి నాకిచ్చేసరికి ఇంజన్ బాగా అరిగిపోయి ఉంది. ఎలాగూ విప్పాలి కదా, విప్పినప్పుడే 135 బ్లాకు వేసేద్దాం అనుకున్నాం నేనూ, నా రూమ్మేటూ.

లెక్క మాకు తెలుసు. మెకానికల్ వాళ్ళం కదా. ఆర్‌ఎక్స్ 100కి బోరు 50 మి.మీ., స్ట్రోకు 50 మి.మీ. ఆర్‌ఎక్స్ 135కి స్ట్రోకు అదే 50, బోరు మాత్రం 58. సిలిండరు వెడల్పు 16 శాతమే పెరిగినా, ఘనపరిమాణం బోరు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి సీసీ 98 నుంచి 132కి, అంటే సుమారు 34 శాతం పెరుగుతుంది. "ఎనిమిది మిల్లీమీటర్లకి మూడో వంతు ఇంజన్ ఫ్రీ" అని రాత్రంతా సంబరపడ్డాం. పాత సామాన్ల కొట్లో ఒక బ్లాకూ, దాని హెడ్డూ దొరికాయి. కొత్త పిస్టన్, రింగులు కొన్నాం. లేత్ షాపులో బ్లాకు హోనింగ్ చేయించాం, కేసు నోరు కొద్దిగా కోయించాం. ఆదివారం సాయంత్రానికి బిగించేశాం. రెండో కిక్కుకే స్టార్టయింది. పని అయిపోయిందనుకున్నాం. నిజానికి అప్పుడే మొదలవ్వాల్సింది.

అప్పుడు మా బండి పరిస్థితి ఏంటో చెప్తాను, ఎందుకంటే హాస్టల్లో చాలా బళ్ళ పరిస్థితి ఇదే. కార్బొరేటర్ పాతదే, అందులో మెయిన్ జెట్టు పాతదే. సౌండు బావుంటుందని ఎయిర్ ఫిల్టర్ పీకేశాం. ముందెప్పుడో ఆయిల్ పంపు తీసేయించి ఉండటంతో 2టీ ఆయిల్‌ని పెట్రోల్లోనే కలిపి పోసేవాళ్ళం. హెడ్డు పాత సామాను, దాని చరిత్ర మాకు తెలియదు. టైమింగ్ ముట్టుకోలేదు. కొత్త పిస్టన్‌ని మెల్లగా అలవాటు చేయాలని తెలుసు గానీ, ఓ అరవై కిలోమీటర్లు నెమ్మదిగా తిప్పి "చాల్లే" అనుకున్నాం.

ఆ తర్వాతి శనివారం మా తమ్ముణ్ణి వెనకాల ఎక్కించుకుని ఏలూరు బయల్దేరాను. గన్నవరం దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. ఒకే స్పీడులో పదిహేను నిమిషాలు లాగించాను. హనుమాన్ జంక్షన్ ఇంకా రాలేదు. ఇంజన్ గొంతు ఒక్కసారిగా సన్నబడింది, గాలి తగ్గిన ఈల లాగా. అంతే, వెనక చక్రం బిగుసుకుపోయింది. పిస్టన్ పట్టేసింది. బండి వెనక భాగం ఒక పక్కకి జారింది. అదృష్టం కొద్దీ చెయ్యి దానంతటదే క్లచ్ లాగింది. చక్రం వదిలింది. బండిని మట్టి అంచు మీదకి దింపేసరికి మా వెనక వస్తున్న లారీ హారన్ కొట్టుకుంటూ పక్కనించి వెళ్ళిపోయింది. తమ్ముడు ఏం మాట్లాడలేదు. కాసేపయ్యాక "అన్నయ్యా, నేను బస్సుకి వస్తా" అన్నాడు. వాడి ముఖం నాకింకా గుర్తుంది. క్లచ్ లాగడం అరక్షణం లేటైతే ఏమయ్యేదో ఇద్దరికీ తెలుసు. ఇంట్లో మాత్రం ఇప్పటికీ చెప్పలేదు. ఈ పత్రిక మా నాన్న చదవరన్న ధైర్యంతో రాస్తున్నాను.

బండిని ఆటో మీద వేసుకుని ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన టూ స్ట్రోక్ బళ్ళు నా వయసు కన్నా ఎక్కువ ఏళ్ళుగా విప్పుతున్నారు. బ్లాకు పైకి లాగి, పిస్టన్‌ని గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టారు. సైలెన్సర్ వైపు పొడుగ్గా గీతలు, అల్యూమినియం కరిగి రుద్దుకున్న మచ్చలు. ప్లగ్గు పింగాణీ తెల్లగా సున్నం కొట్టినట్టుంది.

"జెట్టు ఎంత వేశావు అబ్బాయ్?"

"మార్చలేదండి. పాతదే."

"ఫిల్టరు?"

"తీసేశామండి."

"హెడ్డు ఎంత గీకి ఉందో చూశావా?"

నేను మాట్లాడలేదు.

"ఇంట్లో నలుగురు మనుషులు పెరిగారు. ఎసట్లో బియ్యం మాత్రం అంతే పోశావు. పైగా మంట పెంచావు. మాడకుండా ఎట్టా ఉంటది?" అన్నారాయన.

నాలుగు సెమిస్టర్ల థర్మోడైనమిక్స్, ఐసీ ఇంజన్స్ చదివి కూడా ఆ ఒక్క వాక్యం నేను కట్టలేకపోయాను. అయితే ఆయన మాటని అక్కడే వదిలేస్తే మనం చదివిన చదువుకి అర్థం లేదు. మాడింది ఎలాగో లెక్కతో సహా చూద్దాం. ట్యూనింగ్ ఎందుకు కావాలో అప్పుడే తెలుస్తుంది.

మొదటిది గాలి, పెట్రోలు పాళ్ళు. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువులో 14.7 పాళ్ళ గాలి కావాలి. పూర్తి పవర్ కావాలన్నప్పుడు 12.5, 13 దగ్గర, అంటే పెట్రోలు కొంచెం ఎక్కువగా ఉండేలా పెడతారు. ఆ ఎక్కువ పెట్రోలు ఇంజన్‌ని చల్లబరుస్తుంది కూడా. "సీసీ 34 శాతం పెరిగింది కాబట్టి జెట్టు కూడా 34 శాతం పెంచాలి" అని మనవాళ్ళు తేల్చేస్తారు. అదీ తప్పే. కార్బొరేటర్ గొంతు మారకుండా ఇంజన్ ఎక్కువ గాలి లాగితే ఆ గొంతులో గాలి వేగం పెరుగుతుంది, ఒత్తిడి పడిపోతుంది, దాంతో జెట్టు నుంచి పెట్రోలు కూడా కొంత ఎక్కువే వస్తుంది. అంటే కార్బొరేటర్ తన వంతు తను సర్దుకుంటుంది. మనం ఫిల్టర్ పీకేస్తేనో, సైలెన్సర్ మారిస్తేనో ఆ లెక్క చెడుతుంది. ఫిల్టర్ లేకపోతే గాలికి అడ్డు ఉండదు, గొంతు దగ్గర ఒత్తిడి పడిపోవడం తగ్గుతుంది, పెట్రోలు తక్కువ వస్తుంది. ఇవన్నీ కలిసి చివరికి ఎటు మొగ్గుతుందో కాగితం మీద తేలదు. కొలిచి చూడాల్సిందే.

దీనికి తోడు ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20. ఎథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి 20 శాతం ఎథనాల్ కలిసిన పెట్రోలుకి కావాల్సిన గాలి 14.7 నుంచి సుమారు 13.5కి పడిపోతుంది. 1985 నాటి కార్బొరేటర్‌కి ఈ సంగతి తెలియదు. అది పాత పాళ్ళలోనే కలుపుతుంది. అంటే మనం ఏమీ ముట్టుకోకపోయినా ఆ బండి దాదాపు 8 శాతం పెట్రోలు తక్కువతో నడుస్తున్నట్టు. సీసీ పెంచనివాళ్ళు కూడా పాత బండి ఉంటే ఇది గుర్తుపెట్టుకోవాలి.

మా బండిలో ఆయిల్ పెట్రోల్లోనే కలిసి వస్తుంది అన్నాను కదా. పెట్రోలు తగ్గిందంటే ఆయిల్ కూడా తగ్గినట్టే. వేడి పెరగాల్సినప్పుడే జారుడు తగ్గింది. టూ స్ట్రోక్ ఇంజన్ పెట్రోలు తక్కువైతే అంత త్వరగా పట్టేయడానికి ఇదొక కారణం.

రెండోది కంప్రెషన్. మేస్త్రీ గారు హెడ్డు అంచు మీద గోరు పెట్టి చూసి "ఎవరో ఇది బాగా గీకించారు" అన్నారు. ఉదాహరణకి లెక్క వేసుకోండి. 132 సీసీ సిలిండరుకి పైన హెడ్డులో మిగిలే ఖాళీ 19 సీసీ అనుకుంటే కంప్రెషన్ నిష్పత్తి దాదాపు 8. అదే హెడ్డుని 58 మి.మీ. వెడల్పు మీద ఒకటిన్నర మి.మీ. గీకితే 4 సీసీ పోతుంది, ఖాళీ 15 అవుతుంది, నిష్పత్తి 9.8కి చేరుతుంది. 4 సీసీ అంటే చిన్న టీ చెంచాడు కూడా నిండదు. ఆ చెంచాడు తేడాతో ఇంజన్ స్వభావమే మారిపోతుంది. ఇంత తేడాని కనిపెట్టడానికి పెద్ద యంత్రమేం అక్కర్లేదు. హెడ్డు తిరగేసి, ప్లగ్గు బిగించి, పైన చిల్లు ఉన్న అద్దం ముక్క పెట్టి, మందుల షాపులో దొరికే సిరంజితో ఆయిల్ నింపితే ఎన్ని సీసీలు పట్టిందో తెలిసిపోతుంది. పది నిమిషాల పని. మేం చేయలేదు.

మూడోది టైమింగ్. పిస్టన్ పైకి చేరకముందే ప్లగ్గులో నిప్పు పుట్టాలి, ఎందుకంటే మంట అంతా అంటుకోడానికి కొంత సమయం పడుతుంది. బోరు పెద్దదైతే మంట మధ్యలోంచి అంచుదాకా పోవాల్సిన దూరం 25 మి.మీ. నుంచి 29కి పెరిగింది. అంటే నిప్పు ఇంకొంచెం ముందుగా పడాలి అనిపిస్తుంది. కానీ కంప్రెషన్ పెరిగితే మంట వేగం పెరుగుతుంది, నాకింగ్ భయం పెరుగుతుంది. అంటే నిప్పు కొంచెం వెనక్కి జరగాలి. ఒకటి ముందుకి లాగితే ఇంకొకటి వెనక్కి లాగుతుంది. ఈ రెండిటి మధ్య సరైన చోటు ఏదో ఆ ఇంజన్‌ని అడిగి తెలుసుకోవాల్సిందే.

నాలుగోది ఖాళీ. పిస్టన్ అల్యూమినియం, సిలిండరు లోపలి గొట్టం పోత ఇనుము. ఒకే వేడికి అల్యూమినియం ఇనుము కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. అందుకే రెండిటి మధ్య మిల్లీమీటరులో వందో వంతుల లెక్కన ఖాళీ వదులుతారు. కొత్త పిస్టన్ ఆ గొట్టంలో సర్దుకునేదాకా వేడెక్కించడం, చల్లారనివ్వడం, మళ్ళీ వేడెక్కించడం చేయాలి. దాన్ని అరవై కిలోమీటర్లలో ముగించి హైవే ఎక్కాను నేను.

ఈ నాలుగూ విడివిడిగా ఉంటే బహుశా బండి భరించేది. నాలుగూ ఒకేరోజు ఒకే దిక్కుగా నిలబడ్డాయి. సీసీ పెంచడంలో ఉన్న ప్రమాదం ఇదే. మనం మార్చింది ఒక్క బ్లాకే అనుకుంటాం. కానీ కంపెనీ ఇంజనీర్లు ఎన్నో నెలలు కష్టపడి కుదిర్చిన ఒప్పందాలన్నీ ఆ ఒక్క బ్లాకుతో రద్దయిపోతాయి. వాటిని మళ్ళీ ఒక్కొక్కటిగా కుదుర్చుకోవాలి. ఆ పని పేరే ట్యూనింగ్.

మా నాన్న రైతు. బండి సంగతి చెప్పకుండా, ఊరికే ఫోన్లో "పెద్ద మోటారు పెడితే ఎక్కువ నీళ్ళొస్తాయా నాన్నా" అని అడిగాను. "బోరులో ఊట ఎంతుందో చూడకుండా పెద్ద మోటారు దింపితే నీళ్ళు అయిపోయి ఉత్తినే తిరిగి కాలిపోద్ది. ముందు ఊట కొలవాలి" అన్నారు. ఇంజనీరింగ్ చదవని ఇద్దరు మనుషులు, ఇద్దరూ ఒకటే మాట చెప్పారు. ముందు కొలవాలి అని.

రెండోసారి కొలిచే చేశాం. కొత్త పిస్టన్ వేసి, హెడ్డు కింద మందపాటి గ్యాస్కెట్ పెట్టి, సిరంజితో కొలిచి కంప్రెషన్ దింపాం. ఫిల్టర్ మళ్ళీ పెట్టాం. రెండు వారాలు మెల్లగా తిప్పాం. తర్వాత ఊరి బయట ఇళ్ళు లేవని వెంచర్లో, తెలిసినవాళ్ళ అనుమతితో, పొద్దున్నే ఆరింటికి ప్లగ్గు చూడటం మొదలుపెట్టాం. పద్ధతి ఇది. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి కాసేపు లాగించి, అదే స్థితిలో క్లచ్ పట్టి ఇంజన్ ఆపేయాలి. వెంటనే ప్లగ్గు విప్పి లోపలి పింగాణీ రంగు చూడాలి. తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువ. మసి పట్టి నల్లగా ఉంటే ఎక్కువ. కాఫీ పొడి రంగులో ఉంటే సరిగ్గా ఉన్నట్టు. ఎప్పుడూ పెద్ద జెట్టుతో మొదలుపెట్టి కిందికి రావాలి, చిన్నదానితో మొదలుపెట్టి పైకి వెళ్ళకూడదు. పెట్రోలు ఎక్కువైతే ప్లగ్గు నల్లబడుతుంది. తక్కువైతే పిస్టన్ పోతుంది. రెండు తప్పుల్లో ఏ తప్పు చవకో ముందే ఎంచుకోవాలి.

పూర్తిగా తిప్పినప్పుడు మాత్రమే మెయిన్ జెట్టు మాట చెల్లుతుంది. పావు నుంచి ముప్పావు దాకా సూది పెత్తనం. అంతకన్నా కింద స్లైడు, స్లో జెట్టు. "జెట్టు మార్చినా బండి ఊళ్ళో మొరాయిస్తోంది" అనేవాళ్ళు తప్పు తలుపు కొడుతున్నారన్నమాట. ఒకసారికి ఒకటే మార్చాలి, మార్చింది నోట్‌బుక్కులో రాయాలి. మా రూమ్మేట్ ల్యాబ్ రికార్డు కూడా అంత శ్రద్ధగా రాయలేదు. మూడు జెట్లు మార్చి, సూది క్లిప్పు ఒక గడి జరిపేసరికి ప్లగ్గు రంగు కుదిరింది. బండి లాగుడు కూడా అప్పుడే నిజంగా తెలిసింది. సీసీ పెంచిన లాభం బ్లాకు మార్చిన రోజు రాలేదు, జెట్టు కుదిరిన రోజు వచ్చింది.

"ఇదంతా పాత కార్బొరేటర్ గోల, మాది ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి, కంప్యూటరే చూసుకుంటుంది" అనే మిత్రులున్నారు. వాళ్ళకి ఒక మాట. ఇంజెక్షన్ బండిలోని ఈసీయూకి మీ సిలిండరు ఎన్ని సీసీలో చూసే కన్ను లేదు. కంపెనీ వాళ్ళు పాత సీసీకి రాసిపెట్టిన పట్టిక ప్రకారం అది పెట్రోలు పోస్తుంది. సైలెన్సర్‌లో ఉన్న ఆక్సిజన్ సెన్సర్ చూసి సర్దుబాటు చేసుకుంటుంది, నిజమే. కానీ మామూలుగా బళ్ళలో ఉండే సెన్సర్ 14.7 చుట్టుపక్కలే బాగా చెప్పగలదు. మెల్లగా ఒకే వేగంలో వెళ్తున్నప్పుడు ఆ సర్దుబాటు పనిచేస్తుంది, దానికీ ఒక హద్దుంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు ఈసీయూ సాధారణంగా సెన్సర్ మాట పక్కన పెట్టి పట్టిక ప్రకారమే పోస్తుంది. అంటే ఎక్కడ ప్రమాదం ఎక్కువో అక్కడే కంప్యూటర్ పాత లెక్క చెప్తుంది. పైగా కార్బొరేటర్‌లాగా గాలి వేగాన్ని బట్టి తనంతట తను కాస్త సర్దుకునే గుణం కూడా దానికి లేదు. కాబట్టి ఇంజెక్షన్ బండికి ట్యూనింగ్ తక్కువ కాదు, ఇంకా ఎక్కువ కావాలి.

"నా బండి, నా డబ్బు, నా ఇష్టం" అనే వాదన ఉంది. నేనూ అన్నాను. దానికి నా జవాబు మా తమ్ముడి ముఖం. వెనకాల కూర్చున్నవాడు నా లెక్కలకి సంతకం పెట్టలేదు. లారీ డ్రైవరూ పెట్టలేదు. ఇంకో లెక్క కూడా ఉంది. 80 స్పీడు నుంచి 100కి వెళ్తే వేగం పెరిగింది నాలుగో వంతే, కానీ గతిశక్తి 56 శాతం పెరుగుతుంది. ఆ శక్తినంతా ఆపాల్సింది ఆర్‌ఎక్స్ 100 ముందు చక్రంలో ఉన్న చిన్న డ్రమ్ము బ్రేకు. ఇంజన్‌కి ఖర్చు పెట్టిన డబ్బులో పావు వంతు కూడా బ్రేకులకి, టైర్లకి పెట్టినవాణ్ణి మన షెడ్డులో నేనింకా చూడలేదు.

చట్టం మాట కూడా దాచకుండా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఆర్‌సీలో ఇంజన్ సీసీకి ఒక గడి ఉంటుంది. మన చేతిలో ఉన్న ఇంజన్, ఆ గడిలో ఉన్న అంకె వేరైతే మనం తప్పులో ఉన్నట్టే. 2019 సవరణ తర్వాత బండి యజమాని ఇలా మారిస్తే ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ వాడికి ఇంతకన్నా మంచి సాకు దొరకదు. ఈ సెక్షన్ నేను బండి కుదిరాక చదివాను. ముందు చదవాల్సింది.

"మరి సృజనాత్మకత చచ్చిపోదా? ఇంజన్ విప్పకుండా ఇంజనీర్ ఎలా అవుతాడు?" అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. విప్పాలి. పాడు చేయాలి. మళ్ళీ చేయాలి. కానీ దానికి చోటు జాతీయ రహదారి కాదు. మన ఐసీ ఇంజన్స్ ల్యాబ్‌లో డైనమోమీటరు ఉంది. నాలుగేళ్ళలో రెండు ప్రయోగాలకి తప్ప దాని మీద కప్పిన గుడ్డ తీయలేదు. ఆ రెండు ప్రయోగాల్లో కూడా రీడింగులు సీనియర్ల రికార్డులోంచే వచ్చాయని మనందరికీ తెలుసు. ఒక పాత ఇంజన్‌ని స్టాండు మీద బిగించి, సీసీ పెంచి, జెట్టు మార్చినప్పుడల్లా టార్క్ ఎంత మారిందో, పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలవనిస్తే, దానికన్నా మంచి మినీ ప్రాజెక్టు ఏముంటుంది? పట్టేస్తే స్టాండు మీదే పట్టేస్తుంది, ఎవరి తమ్ముడూ వెనకాల ఉండడు. బాహా, ఫార్ములా భారత్ లాంటి పోటీలకి వెళ్ళేవాళ్ళకీ అది పనికొస్తుంది. ఆ ల్యాబ్ తాళం సాయంత్రం ఐదు తర్వాత కూడా తెరిచి ఉంచమని మన డిపార్ట్‌మెంట్‌ని ఈ పేజీ ద్వారా అడుగుతున్నాను.

ఇంకో కోరిక. ఆ మేస్త్రీ గారి లాంటివాళ్ళని ఏడాదికి ఒక్కసారైనా ఆ ల్యాబ్‌కి పిలవాలి. పట్టేసిన పిస్టన్ మీది గీతల్ని బట్టి తప్పు ఏ వైపు జరిగిందో చెప్పగలిగే చదువు మన సిలబస్‌లో లేదు. అలాగే లాంబ్డా సెన్సర్ చెప్పే అంకె ఆయన చెవికి వినపడదు. మనం ఆయన్ని "అనుభవం మాత్రమే" అని తీసేస్తాం, ఆయన మనల్ని "పుస్తకం మాత్రమే" అని నవ్వుకుంటారు. రెండు వైపులా సగం నిజమే. ట్యూనింగ్‌కి రెండు సగాలూ కావాలి.

చివరికి నా బండి ఏమైందంటారా? 135 బ్లాకు విప్పేశాను. పాత 100 బ్లాకుకి కొత్త లైనర్ వేయించి, కంపెనీ కొలతల ప్రకారం పిస్టన్ బిగించి, వెంచర్లో నేర్చుకున్నదంతా దాని మీద పెట్టాను. ఈ20కి తగ్గట్టు జెట్టు ఒక సైజు పెంచాను. ఆయిల్ పంపు మళ్ళీ పెట్టించాను. ఇప్పుడు ఆర్‌సీలో ఉన్న అంకె, ఇంజన్లో ఉన్న అంకె ఒకటే. నిజం చెప్పాలంటే, ట్యూన్ చేయని రోజుల్లో ఆ 132 సీసీ ఇచ్చిన లాగుడుకీ దీనికీ నాకు పెద్ద తేడా తెలియట్లేదు. అప్పట్లో నాకు తక్కువైంది సీసీలు కాదు, సెట్టింగు.

135 బ్లాకు నా గది షెల్ఫు మీద ఉంది. ల్యాబ్ తాళం దొరికిన రోజు స్టాండు మీద బిగిస్తాను. గీతలు పడ్డ ఆ పిస్టన్ కూడా పక్కనే ఉంది. దాన్ని జూనియర్లు చేతిలోకి తీసుకుని "ఎంత సీసీ అన్నా?" అని అడుగుతుంటారు. ప్లగ్గు ఏ రంగులో ఉండేదో అడగమని చెప్తున్నాను.

పోయిన నెల తమ్ముడు మళ్ళీ వెనకాల ఎక్కాడు. ఎక్కేముందు "ప్లగ్గు చూశావా?" అని అడిగాడు. చూశానన్నాను. అప్పుడు కూర్చున్నాడు.